మీ జబ్బు వివరాలు మీవే: అవి బయటకు పొక్కితే మీకు చెప్పవలసిన బాధ్యత ఎవరిది?



డాక్టరు ముందు కూర్చున్న మనిషి ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోని సంగతులు చెబుతాడు. తాగుడు అలవాటు, నిద్ర పట్టకపోవడం, కడుపు నిలవకపోవడం, ఎవరికీ చూపించని గడ్డ, ఎప్పుడో వచ్చిపోయిన జబ్బు, ఇవన్నీ అంతకుముందు ముఖపరిచయం కూడా లేని ఒకరికి ఎలా చెప్పగలుగుతాడు? ఈ మాట ఈ గది దాటిపోదు అన్న ధైర్యంతోనే. ఆ ధైర్యం లేకపోతే రోగి సగం చెప్పి సగం దాస్తాడు. సగం విన్న డాక్టరు సగం వైద్యమే చేయగలడు. అందుకే రోగి వివరాలను గోప్యంగా ఉంచడం మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ఆరోగ్యానికి సంబంధించిన విషయం కూడా.

పూర్వం ఆ వివరాలు ఒక కేసు షీటులో ఉండేవి, ఆ షీటు బీరువాలో ఉండేది. తాళం చెవి ఎవరి దగ్గర ఉందో అందరికీ తెలుసు. ఇప్పుడు సంగతి వేరు. అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాన్నే తీసుకోండి. ఒకవైపు నిమ్స్, చుట్టూ ప్రైవేటు ఆసుపత్రులు, డయాగ్నస్టిక్ సెంటర్లు, మందుల షాపులు. ఒక రోగి పేరు, ఫోను నంబరు, ఆధార్ నంబరు, జబ్బు పేరు ఒక్క రోజులోనే రిజిస్ట్రేషన్ కౌంటరులో, ల్యాబులో, స్కానింగు సెంటరులో, ఇన్సూరెన్సు డెస్కులో, మందుల షాపులో, ఐదు కంప్యూటర్లలో చేరతాయి. రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది. దాన్ని ప్రింటు తీయించడానికి పక్కనున్న జిరాక్స్ షాపు నంబరుకు పంపిస్తాం. ఇన్ని చోట్ల ఉన్న వివరాలలో ఎక్కడో ఒకచోట పొక్కితే ఎవరు బాధ్యులు? మనకు ఎవరు చెప్పాలి? ఈ సంచికలో ఆ సంగతి తెలుసుకుందాం.

అప్పగించినంత మాత్రాన పరాయివి కావు

"కౌంటరులో ఇచ్చేశాం కదా, ఇక అది ఆసుపత్రివాళ్లదే" అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. ఈ విషయంలో మన హైదరాబాదు నుంచి వెళ్లిన ఒక కేసు దేశమంతటికీ దారి చూపింది.

1986లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్టాంపుల చట్టంలోని 73వ సెక్షనును సవరించింది. స్టాంపు సుంకం సరిగా కట్టారో లేదో చూడడానికి కలెక్టరు ఎవరినైనా పంపించి, బ్యాంకులతో సహా ఎక్కడైనా కాగితాలు తనిఖీ చేయించి, స్వాధీనం చేసుకునే అధికారం ఆ సవరణతో వచ్చింది. బ్యాంకులు దాన్ని కోర్టులో సవాలు చేశాయి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రార్ మరియు కలెక్టరు, కెనరా బ్యాంకు మధ్య నడిచిన ఈ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2004 నవంబరులో తీర్పు చెబుతూ హైకోర్టు నిర్ణయాన్నే సమర్థించింది. ఖాతాదారుడు తన కాగితాలను బ్యాంకు చేతికి ఇచ్చినంత మాత్రాన వాటి గోప్యత పోదని, గోప్యత అన్నది చోటును బట్టి కాక మనిషిని బట్టి ఉంటుందని ఆ తీర్పు సారాంశం.

ఈ మాటను ఆసుపత్రికి అన్వయించుకోండి. మీ రక్తపరీక్ష ఫలితం మా కంప్యూటరులో ఉన్నా అది మీ సంగతే. మేము దానికి కాపలాదారులం. తరువాత 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం పుట్టస్వామి కేసులో గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని ఏకగ్రీవంగా చెప్పింది.

పొక్కడం అంటే దొంగతనమే కానక్కరలేదు

కంప్యూటరు దొంగలు రాత్రివేళ తాళాలు పగలగొట్టి వివరాలు ఎత్తుకుపోవడాన్నే మనం ఊహించుకుంటాం. తెలుగునాట జరిగిన సంగతులు చూస్తే చాలాసార్లు తాళమే వేయలేదని తెలుస్తుంది.

2018 జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో ఒక విషయం బయటపడింది. ప్రభుత్వం నడిపించిన అన్న సంజీవని మందుల షాపుల్లో ఎవరెవరు ఏ మందు కొన్నారో వారి పేర్లు, ఫోను నంబర్లతో సహా ఒక ప్రభుత్వ వెబ్‌సైటులో ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయి. పత్రికల్లో వచ్చిన తరువాత వాటిని తొలగించారు. చవకగా మందు దొరుకుతుందని వెళ్లిన పేదవాడు, తన జబ్బును ఊరందరి ముందు పెడతారని ఊహించి ఉండడు. మందు పేరు చూస్తే చాలు, జబ్బు ఏమిటో తెలిసినవారికి తెలిసిపోతుంది.

2023 మార్చి, ఏప్రిల్ నెలల్లో సైబరాబాద్ పోలీసులు కోట్లాదిమంది వివరాలు అమ్ముకుంటున్నవారిని అరెస్టు చేశారు. మొదటి కేసులో 16.8 కోట్లమంది వివరాలు, ఆ తరువాత కేసులో 66.9 కోట్లమంది వివరాలు వారి చేతిలో ఉన్నట్లు పోలీసులు ప్రకటించారు. మనకు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చి, మన పేరు పెట్టి పిలిచి, మన లోను గురించో ఇన్సూరెన్సు గురించో మాట్లాడితే ఆశ్చర్యపోతాం. ఆ వివరాలు వారికి ఎలా చేరతాయో ఇలాంటి కేసులు చూస్తే అర్థమవుతుంది.

ఇక మూడో రకం. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ సర్వర్లపై దాడి జరిగింది. ఫైళ్లు తెరుచుకోకుండా తాళం పడింది. సుమారు రెండు వారాలపాటు ఓపీ, అడ్మిషన్లు, ల్యాబు పనులు చేతిరాతతో నడిపించవలసి వచ్చింది. వివరాలు బయటకు రావడమే కాదు, అవసరమైనప్పుడు అవి అందకపోవడం కూడా రోగికి ప్రమాదమే. ఏ మందు పడదో, ఏ గ్రూపు రక్తమో రాసిన ఫైలు తెరుచుకోకపోతే డాక్టరు ఏం చేయగలడు?

చట్టం ఏమంటుంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం లభించింది. దాని నియమాలను కేంద్రప్రభుత్వం 2025 నవంబరులో నోటిఫై చేసింది. ఆ నోటిఫికేషను ప్రకారం ఫిర్యాదులు విచారించే డేటా పరిరక్షణ బోర్డుకు సంబంధించిన నియమాలు వెంటనే అమలులోకి వచ్చాయి. ఆసుపత్రులు, బ్యాంకులు, బడులు, కంపెనీలు పాటించవలసిన ముఖ్య బాధ్యతలకు పద్దెనిమిది నెలల గడువు, అంటే 2027 మే నెల వరకు ఇచ్చారు.

అంతకుముందు చట్టమే లేదని కాదు. 2000 నాటి ఐ.టి. చట్టంలో 43ఎ సెక్షను, దాని కింద 2011లో వచ్చిన నియమాలు వైద్య రికార్డులను సున్నితమైన సమాచారంగా గుర్తించాయి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్‌-ఇన్ అనే కేంద్ర సంస్థ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, కంప్యూటర్లపై దాడి జరిగినా, వివరాలు పొక్కినా సంస్థలు తమకు తెలిసిన 6 గంటల్లోగా దానికి తెలియజేయాలి. అయితే ఇక్కడ ఒక లోటు గమనించండి. సంస్థ ప్రభుత్వానికి చెప్పాలి, కాని ఎవరి వివరాలు పోయాయో ఆ మనిషికి చెప్పి తీరాలని ఈ ఆదేశాలలో లేదు. పోయిన సొమ్ము ఎవరిదో వారికి తప్ప అందరికీ తెలిసినట్లు అయింది. 2023 చట్టం ఈ లోటును పూడ్చింది.

ఈ చట్టం ధర్మాసుపత్రులకు గాని, మతసంస్థలకు గాని ప్రత్యేక మినహాయింపు ఇవ్వలేదు. సేవాభావంతో నడిపిస్తున్నాం అన్నది వివరాలు పోగొట్టడానికి సాకు కాదు. ఆసుపత్రి తన కంప్యూటరు పనిని బయటి కంపెనీకి అప్పగించినా, రోగి ముందు జవాబుదారీ ఆసుపత్రే.

వివరాలు పొక్కితే ఆసుపత్రి చేయవలసినవి

చట్టం దృష్టిలో వివరాలు అనుమతి లేకుండా వాడడం, పొరపాటున బయటపెట్టడం, మార్చడం, నాశనం చేయడం, అవి అందకుండా పోవడం, ఇవన్నీ ఉల్లంఘనలే. ఒక్క రోగి రిపోర్టు వేరొకరి ఫోనుకు వెళ్లినా అది ఉల్లంఘనే. అలా జరిగిందని తెలిసిన తరువాత సంస్థ ఈ పనులు చేయాలి.

మొదటిది, ఆలస్యం చేయకుండా ఎవరి వివరాలు పొక్కాయో వారికి తెలియజేయాలి. ఏం జరిగింది, ఎంత మేరకు, ఎప్పుడు, దానివల్ల మీకు రాగల ఇబ్బంది ఏమిటి, సంస్థ ఏం చేస్తున్నది, మీరు తీసుకోవలసిన జాగ్రత్తలు ఏమిటి, ఎవరిని అడగాలి. ఈ ఐదు సంగతులు తేలికగా అర్థమయ్యే మాటల్లో చెప్పాలి.

రెండవది, డేటా పరిరక్షణ బోర్డుకు వెంటనే తెలియజేసి, 72 గంటల్లోగా పూర్తి వివరాలు పంపాలి. కారణం ఏమిటి, ఎవరివల్ల జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేశారు, రోగులకు చెప్పారా లేదా అన్నవి కూడా అందులో ఉండాలి. ఎక్కువ సమయం కావాలంటే బోర్డును రాతపూర్వకంగా అడగాలి.

ఇవి జరిగిన తరువాత చేయవలసినవి. జరగకుండా చేయవలసినవి కూడా ఉన్నాయి. పని ఉన్న సిబ్బంది మాత్రమే ఫైలు చూడగలిగేలా ఏర్పాటు, ఎవరు ఎప్పుడు ఏ ఫైలు తెరిచారో నమోదు, ఆ నమోదును కనీసం ఒక సంవత్సరం భద్రపరచడం, విడిగా మరొక ప్రతి దాచి ఉంచడం వంటివి నియమాలలో ఉన్నాయి.

తగిన భద్రత పాటించకపోతే 250 కోట్ల రూపాయల వరకు, పొక్కిన సంగతి చెప్పకుండా దాచిపెడితే 200 కోట్ల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పొక్కనివ్వడం ఎంత తప్పో, పొక్కిన తరువాత నోరు మూసుకోవడం దాదాపు అంత తప్పు అని చట్టం లెక్కకట్టింది. అది సబబే. వివరాలు పోయాయని సాయంత్రానికి తెలిస్తే మీరు పాస్‌వర్డు మార్చుకుంటారు, బ్యాంకుకు చెబుతారు, బూటకపు ఫోను వస్తే జాగ్రత్తపడతారు. ఆరు నెలల తరువాత పేపరులో చదివితే చేయగలిగేది ఏమీ ఉండదు.

ఇది రోగికి మేలేనా? నష్టపరిహారం వస్తుందా?

ఈ విషయం ఉన్నది ఉన్నట్లు తెలుసుకోవడం మంచిది. 2023 చట్టం కింద కట్టిన జరిమానా ప్రభుత్వ ఖజానాకు వెళుతుంది, రోగికి రాదు. పైగా ఐ.టి. చట్టంలో నష్టపరిహారానికి వీలు కల్పించిన 43ఎ సెక్షనును కొత్త చట్టం తొలగిస్తుంది. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం, వినియోగదారుడు నమ్మి చెప్పిన వ్యక్తిగత సమాచారాన్ని చట్టం అనుమతించని విధంగా ఇతరులకు చెప్పడాన్ని అనుచిత వ్యాపార పద్ధతిగా పేర్కొంది. కాబట్టి డబ్బు కట్టి వైద్యం చేయించుకున్నవారు వినియోగదారుల కమిషనును ఆశ్రయించవచ్చు.

కొత్త చట్టం కంప్యూటరులోకి ఎక్కిన వివరాలకే వర్తిస్తుంది. మరి కాగితపు కేసు షీటు? దానికి డాక్టర్ల వృత్తి నియమావళి ఉంది. 2002 నాటి భారత వైద్యమండలి నిబంధనల ప్రకారం వృత్తిరీత్యా తెలిసిన రోగి రహస్యాన్ని డాక్టరు బయటపెట్టకూడదు. అదే నిబంధనలు మీకు మరో హక్కు ఇస్తున్నాయి. మీ రికార్డులు కావాలని మీరు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలి. మీ సమాచారం ఇతరులకు అందకూడదు, మీకు మాత్రం అందాలి.

చెప్పినా తప్పు కాని సందర్భాలు

ప్రతి మాటా దాచిపెట్టాలని చట్టం అనదు. క్షయవ్యాధి సోకినట్లు తేలితే ఆసుపత్రి ప్రభుత్వానికి తెలియజేయాలి. 2012 నుంచి ఇది తప్పనిసరి. మందులు మధ్యలో ఆగిపోకుండా చూడడం, ఇంట్లోవారికి పరీక్షలు చేయడం దీని ఉద్దేశం. కోర్టు ఆదేశిస్తే చెప్పాలి. ప్రాణాపాయంలో ఉన్న రోగిని తీసుకువస్తే ముందు సంతకం అడగకుండా వివరాలు వాడుకోవచ్చు. ఇన్సూరెన్సు క్లెయిము కోసం మీ అనుమతితో కంపెనీకి కాగితాలు పంపుతారు.

హెచ్.ఐ.వి. విషయంలో ప్రత్యేక చట్టం ఉంది. 2017లో చేసిన ఆ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. తన స్థితిని చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని, ఆ రికార్డులు ఉంచే సంస్థలు వాటిని ప్రత్యేకంగా కాపాడాలని అందులో ఉంది. భార్యకు లేదా భర్తకు చెప్పవలసి వస్తే డాక్టరు గాని కౌన్సెలరు గాని పాటించవలసిన పద్ధతి కూడా రాసి ఉంది. సిబ్బందిలో ఎవరో ఒకరు చుట్టాలకు ఫోను చేసి చెప్పడం ఆ పద్ధతి కాదు.

మీరు చేయగలిగినవి

1. ఫారంపై సంతకం పెట్టేముందు ఎందుకు అడుగుతున్నారో అడగండి. 2023 చట్టం ప్రకారం ఈ సమాచారాన్ని ఇంగ్లీషులోనే కాక తెలుగులో కూడా పొందే వీలు మీకు ఉండాలి. "చదవడం రాదు" అని సిగ్గుపడకండి, చదివి వినిపించమనండి.

2. ఆధార్ అవసరం లేనిచోట ఇవ్వకండి. ఇవ్వవలసి వస్తే మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా ఉండే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వవచ్చునేమో అడగండి. పద్నాలుగు అంకెల ఆభా నంబరు తీసుకోవడం మీ ఇష్టం, బలవంతం లేదు.

3. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించుకున్నాక ఫైలును అక్కడి కంప్యూటరు నుంచి మీ ముందే తీసేయించండి. వాట్సాప్‌లో పంపి ఉంటే మీ ఫోనులో ‘అందరికీ తొలగించు’ నొక్కండి. పాడైన ప్రింటును అక్కడ వదిలిపెట్టకుండా వెంట తెచ్చుకోండి.

4. ఫోను నంబరు మారితే ఆసుపత్రికి చెప్పండి. లేకపోతే మీ రిపోర్టు ఆ పాత నంబరు ఇప్పుడు ఎవరిదైతే వారికి వెళుతుంది. వివరాలు పొక్కినప్పుడు మీకు చెప్పాలన్నా సరైన నంబరు ఉండాలి.

5. మీ వివరాలు చూపించమని, తప్పుంటే దిద్దమని, అవసరం తీరినవి తొలగించమని అడిగే హక్కు చట్టం ఇస్తుంది. అయితే చేర్చుకున్న రోగుల రికార్డులను మూడేళ్లపాటు ఉంచాలని వైద్య నిబంధనలు చెబుతున్నాయి గనుక ఆసుపత్రి వాటిని ముందే తొలగించలేదు.

6. వివరాలు పొక్కాయని అనుమానం వస్తే ముందు ఆసుపత్రికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. కొత్త నియమాల ప్రకారం సంస్థ 90 రోజులు మించకుండా ఫిర్యాదును పరిష్కరించాలి. అక్కడ న్యాయం జరగకపోతే బోర్డుకు వెళ్లాలి.

7. మీ వివరాలు చెప్పి నమ్మించి ఎవరైనా డబ్బు లాగితే క్షణం ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు బ్యాంకులోనే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

సంఘంలో మనం

చివరగా మనలో మనం మాట్లాడుకోవలసిన సంగతి ఒకటి ఉంది. ఫలానా సహోదరికి ఫలానా ఆపరేషన్, ఫలానా వారి అబ్బాయికి మానసిక ఇబ్బంది, ప్రార్థించండి అని సంఘపు వాట్సాప్ గ్రూపులో పెట్టడం మనకు అలవాటు. మనసు మంచిదే. కాని ఆ గ్రూపులో రెండు వందలమంది ఉంటారు. వారిలో రేపు ఆ అబ్బాయికి సంబంధం చూసేవారు, ఉద్యోగం ఇచ్చేవారు, ఇల్లు అద్దెకిచ్చేవారు ఉండవచ్చు. ఒకసారి పంపిన మాట ఎన్ని ఫోన్లకు వెళుతుందో చెప్పలేం. పెండ్లికావలసిన ఆడపిల్లకు క్షయ అని తెలిస్తే, జబ్బు ఆరు నెలల్లో నయమైనా మాట ఏళ్లతరబడి నయం కాదు.

కాబట్టి ముందు ఆ మనిషిని అడగండి. "మీ పేరు చెప్పవచ్చా? జబ్బు పేరు చెప్పవచ్చా?" అని రెండు ప్రశ్నలు చాలు. వద్దంటే "ఒక సహోదరి ఆరోగ్యం కొరకు" అన్నా ప్రార్థనకు లోటు రాదు. సంఘ సభ్యుల జాబితాను కంప్యూటరులో ఉంచే చర్చి ఆఫీసు కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తుందని పెద్దలు గుర్తుంచుకోవాలి. వార్డులో రోగిని చూడడానికి వచ్చినవారు పక్క మంచానికి తగిలించిన షీటు చదవకూడదు. ఫోటో తీసేటప్పుడు వెనుక ఎవరున్నారో చూసుకోవాలి. ఆసుపత్రి సిబ్బందికి కూడా ఇదే మాట. తెలిసినవారు వైద్యానికి వచ్చినప్పుడు ఎందుకు వచ్చారో ఇంటికి వెళ్లి చెప్పడం కుశలప్రశ్న కాదు, ఆ మనిషి నమ్మకాన్ని వమ్ముచేయడం.

మీరు మా దగ్గరకు వచ్చినప్పుడు ఏ సంగతీ దాచకుండా డాక్టరుకు చెప్పండి. చెప్పిన తరువాత "ఇది ఎవరెవరు చూస్తారు?" అని అడగండి. అలా అడగడం అపనమ్మకం అనుకోము. అడిగినవారికి సూటిగా జవాబు చెప్పగలగాలి, ఎప్పుడైనా తప్పు జరిగితే ముందుగా మీకే చెప్పగలగాలి. ఏ ఆసుపత్రి అయినా రోగి నమ్మకాన్ని అలాగే నిలుపుకోగలుగుతుంది.